స్టీఫెన్‌కి సెలవెవరిస్తారు?

ఆ ఉదయం స్టీఫెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడింటికి రాయదుర్గంలోని ఆఫీసు నుంచి బయటపడాలి, ఆరింటికి ఖాజాగూడ చర్చిలో ఉండాలి. అక్కడ జాస్మిన్‌తో అతని ప్రధానం. ఉంగరం తొడగాల్సినవాడే రాకపోతే ఆమె మేనమామలు ఊరుకునే రకం కాదు. సంబంధమే తప్పిపోతుంది.

సెలవు అడగడమే మిగిలింది. చిక్కల్లా ఎవరిని అడగాలన్నదే. వారం కిందట కంపెనీవారు బాసులందరినీ ఒక్క మెయిల్‌తో రద్దు చేశారు. ఇకపై ఏ నిర్ణయమైనా టీమంతా కూర్చుని, ఎవరికీ అభ్యంతరం లేకుండా తీసుకోవాలట. వినడానికి ఎంత హాయిగా ఉంది!

మొన్నటిదాకా మేనేజరుగా ఉన్న ఉదయ్ భాస్కర్ దగ్గరికి అలవాటు కొద్దీ వెళ్లాడు.

"నన్నడుగుతావేంటయ్యా? నేనిప్పుడు కోచ్‌ని. సలహా చెప్తాను గానీ సెలవివ్వను. టీముని కూర్చోబెట్టు" అన్నాడాయన, పదవి పోయిన బాధంతా ఆ మాటలోనే పెట్టి.

టీము కూర్చుంది. ప్రధానమనగానే అందరి మొహాలూ వెలిగాయి. ఆ సంతోషమే కొంప ముంచింది.

"నీ ఫంక్షన్‌కు మేం రావద్దా ఏంది? నాకు గూడ లీవ్ గావాలె" అంది హర్షిణి.

"నాకు గూడ" అన్నాడు సాయిచంద్. తక్కినవాళ్లూ అదే పాట పాడారు.

సాయంత్రం క్లయింటు ఫోన్ చేస్తే ఎత్తడానికి ఒకరైనా ఉండాలి కదా అని ఉదయ్ భాస్కర్ సలహా పారేశాడు. అయితే ఎవరు వెళ్లాలో, ఎవరు ఉండాలో తేల్చడానికి ఒక మనిషిని పెడదామన్నారు. బాసు అనకూడదు కనుక 'సెలవుల సమన్వయకర్త' అన్నారు. సెలవు గురించి అందరికంటే ఎక్కువ తపన పడుతున్నవాడు స్టీఫెనే కాబట్టి, చప్పట్లు కొట్టి అతన్నే ఎన్నుకున్నారు.

స్టీఫెన్ పొంగిపోయాడు, పాపం. పెళ్లికొడుకు ధారాళంతో అడిగినవాళ్లందరికీ సెలవిచ్చేశాడు. చివరికి తన వంతు వచ్చింది.

"ఎవరి లీవ్ వాళ్లే ఇచ్చుకుంటే అది బాసుతనమైతది గదన్నా" అని సాయిచంద్ అభ్యంతరం చెప్పి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాడు. మంచి చొక్కా వేసుకోవాలంటూ ఉదయ్ భాస్కర్ కూడా బయల్దేరాడు.

ఆరు దాటాక ఖాళీ ఆఫీసులో ఒంటరిగా కూర్చున్న స్టీఫెన్‌కి జాస్మిన్ ఫోన్ చేసింది.

"మీ ఆఫీసోళ్లంతా వచ్చి ముందు వరుసల కూసున్నరు. నువ్వేడున్నవ్?"

"ఆఫీసుల. నాకు లీవ్ ఇచ్చెటోళ్లు లేరు జాస్మిన్."

"వద్దనెటోళ్లున్నరా?"

స్టీఫెన్ చుట్టూ చూశాడు. "ఎవ్వరు లేరు."

"మరి ఇంకా కూసున్నవేంది? మా పెద్దమామ అప్పుడే చెప్పులేసుకుంటున్నడు. లేచి రా!"

అంత తేలిక సంగతి అంతసేపూ తోచనందుకు తన్ను తాను తిట్టుకుంటూ, ఆఫీసు బట్టలతోనే బైకెక్కాడు. అతను చెమటలు కక్కుతూ చర్చిలో అడుగుపెట్టాక గానీ పెద్దమామ చెప్పులు విప్పలేదు. ఉంగరాలు పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు.

"ఈ ప్రధానానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని పాస్టరుగారు ఆనవాయితీగా అడిగారు.

ముందు వరుసలో ఉదయ్ భాస్కర్ చెయ్యెత్తాడు.

"అభ్యంతరమని కాదండీ... ఇతనిక్కడుంటే ఆఫీసులో ఎవరున్నట్టండీ?"

"కూర్చోండి" అన్నారు పాస్టరుగారు.

ఉదయ్ భాస్కర్ కూర్చున్నాడు. బాసులు పోయాక ఆ టీములో ఒకరు అభ్యంతరం చెప్పకుండా ఇంకొకరి మాట విన్నది అదే మొదటిసారి.