ఆఫీసు ఒరిగిన వైనం

ఆఫీసు మొత్తం కుడివైపు ఒరిగిపోయిందనీ, సిబ్బంది వారంలోగా దాన్నీ, తమనూ సరిచేసుకోవాలనీ మేనేజరుగారు ఉత్తర్వు జారీ చేశారు.

ఆయన తొందరపాటు మనిషి కారు. తన గదిలో కూర్చుని నెలరోజులు స్వయంగా పరిశీలించారు. తలుపు ఒరిగి ఉంది. గోడమీది ఫొటోలు ఒరిగి ఉన్నాయి. చివరికి గ్లాసులో మంచినీళ్ళు కూడా ఓ పక్కకే మొగ్గుతున్నాయని నీటి సరఫరావారికి ఘాటుగా లేఖ రాశారు. లోపం తన కంట్లోనే ఉందేమోనని సైతం శంకించారు, అంతటి నిష్పక్షపాతి. ఇంటికెళ్ళి కూర్చుంటే అన్నీ తిన్నగానే కనబడ్డాయి. దాంతో తప్పు ఆఫీసుదేనని తేలిపోయింది.

ఆయన కుర్చీకి ఎడమవైపు కాళ్ళు రెండూ చెదలు తిని పొట్టివైపోయిన సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ మేనేజరుగారి కుర్చీకి వంక పెట్టే గుండె ఎవరికుంది? పిల్లలు గలవాళ్ళు. అందుచేత ఫొటోలను పక్కకి వంచారు. ఆయన ముందు నిలబడేటప్పుడు కాస్త ఒరగడం నేర్చుకున్నారు. సాధనతో రాని విద్య లేదు. నాలుగు రోజులకి ఇళ్ళల్లో కూడా అలాగే నడిచారు. క్యాషియరుగారి భార్య మొదట కంగారుపడినా, ఇంక్రిమెంటు వచ్చాక ఆ నడకలో ఓ హుందాతనం ఉందని ఒప్పుకుంది.

ఒక్క గుమాస్తా మాత్రం ఒరగలేదు. తాడిచెట్టంత మనిషి, అందరూ నిట్రాడు అనేవారు. ఇంకో రెండేళ్ళలో రిటైరు కావలసినవాడు. మేనేజరుగారు పిలిపించారు.

“అందరూ తిన్నగా నిలబడుతుంటే నీకొక్కడికే ఏమొచ్చిందయ్యా?”

“నేను తిన్నగానే ఉన్నానండి. మీ కుర్చీయే ఒరిగింది.”

ఇంత వయసొచ్చినా మనిషి వంకర పోలేదని మేనేజరుగారు నొచ్చుకున్నారు. ఉద్యోగంలోంచి తీసేస్తూ కాగితం సిద్ధం చేయించారు.

సంతకానికి ముందురోజు సాయంత్రం, తలుపు ఒరుగు సరిచేయడానికి వచ్చిన వడ్రంగి, లోకజ్ఞానం లేనివాడు, కుర్చీ కాళ్ళ కింద రెండు చెక్కముక్కలు పెట్టిపోయాడు. మర్నాడు మేనేజరుగారు కూర్చుని తలెత్తి చూస్తే సిబ్బంది యావత్తూ ఒరిగిపోయి ఉంది. నిట్రాడు ఒక్కడే నిటారుగా నిలబడి ఉన్నాడు.

ఆయన వంగి కుర్చీ కింద చూశారు. కాసేపు ఆలోచించారు. ఆ కాసేపూ నిట్రాడి మీద నిజంగానే జాలి కలిగింది. కానీ ఒక్కడి కోసం ఇంతమందిని వంకరవాళ్ళని చేయడం ఏం న్యాయం? చెక్కముక్కలు లాగి చెత్తబుట్టలో పడేశారు. లోకం మళ్ళీ తిన్నబడింది. సంతకం పెట్టేశారు.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. నిట్రాడి సేవలు మరువలేనివని మేనేజరుగారు కొనియాడారు. గ్రూప్ ఫొటో తీయించి, హాల్లో సిబ్బంది ఒరుగుకి సరిపడేటట్టు పక్కకి వంచి తగిలించారు. అందులో అందరూ చక్కగా నిటారుగా ఉంటారు. చివర్లో ఒక్కడు మాత్రం ఒరిగి కనబడతాడు. ఆ ఆఫీసుకి పనిమీద వెళ్ళే మనబోటి పెద్దమనుషులు ఫొటో ముందు ఆగి అడుగుతూ ఉంటారు.

“పాపం, ఆయనొక్కడికే ఏమొచ్చిందండీ?”