అందరికీ అనుమతి లేదు

ఆ గురువారానికి టీచరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి కంప్యూటర్ తెరవాలి, పన్నెండేళ్లుగా రాసుకున్న పాఠాల ఫైలు ప్రింటు తీసుకోవాలి, పదకొండింటికి హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం ఇంటర్వ్యూలో దాన్ని కమిటీ ముందు పెట్టాలి. ఇంతకన్నా చిన్న ప్లాన్లే ఆ ఇంట్లో బతికి బట్టకట్టలేదు. కారణం, ఆ ఇంట్లో ఆమె భర్త కూడా ఉంటాడు.

ఆయన తాళాలు బాగుచేసే మనిషి. పంచదార డబ్బాకు కూడా తాళం వేస్తాడు.

"ఏవండీ, నా పాఠాల ఫోల్డర్ కనిపించడం లేదు."

"కనిపించదు. దాచాను," అన్నాడు గర్వంగా. "నీ తమ్ముడు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ కెలికి పోతున్నాడుగా! దాచడమే కాదు, తాళం కూడా వేశా. ఎవరికి అనుమతి వద్దు అని కంప్యూటర్ అడిగింది. 'అందరికీ' అని నొక్కేశా."

"అందరికీ అంటే మనకి కూడా కదండీ?"

"మనం అందరం ఎలా అవుతామే? మనం ఇంటివాళ్లం!"

ఈ చుట్టరికం కంప్యూటర్‌కు తెలియదు. దాచినవన్నీ చూపించమని ఆమె టిక్కు పెడితే ఫోల్డర్ వెలిసిపోయిన రంగులో బయటికొచ్చింది. తెరవబోతే అనుమతి లేదంది. ఆయన నొక్కినా అదే మాట.

"నేనేసిన తాళం నాకే రాదంటుందా!" అని మౌస్‌ను బల్లకేసి కొట్టాడు. మౌస్ చచ్చింది. ఫోల్డర్ చలించలేదు.

ఆమె ఫోన్ చేస్తే, ఎనిమిదింటికి తమ్ముడు కొత్త మౌస్‌తో దిగాడు. కంప్యూటర్ల దుకాణంలో అట్టపెట్టెలు మోస్తాడు కాబట్టి చుట్టాల్లో అతను ఇంజినీరు కింద లెక్క.

"లే బావా, ఇది నీ వల్ల అయ్యే పని కాదు."

"నీ వల్లే కదరా దీనికి తాళం పడింది!"

"అక్కా, ముందు భద్రత ముఖ్యం," అంటూ తమ్ముడు మొత్తం కంప్యూటర్‌కే గట్టి పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఆపి మళ్లీ వేశాడు. తరువాత నాలుగు రకాలుగా పాస్‌వర్డ్ కొట్టి చూశాడు. "అక్కా... ఇందాక నేనేం పెట్టానో నువ్వేమైనా చూశావా?"

అంతవరకూ తెరుచుకోనిది ఒక్క ఫోల్డరే. ఇప్పుడు కంప్యూటరే తెరుచుకోదు. బావ పళ్లు నూరుతూ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "తప్పుకో. ఏ పెట్టె అయినా వెనకనుంచి తెరుచుకోవాల్సిందే." పదింటికల్లా కంప్యూటర్ పేగులన్నీ బల్లమీద ఉన్నాయి. ఏది ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు, కాకపోతే ఇద్దరికీ వేరువేరుగా తెలుసు.

టీచరమ్మ చెప్పులేసుకుని, వట్టి చేతులతో బయలుదేరింది.

ఇంటర్వ్యూలో ఆమెకు ముందు వెళ్లిన నలుగురూ రంగురంగుల ఫైళ్లు పెట్టారు. కమిటీ కునికిపాట్లు పడుతోంది. "మీ ఫైలేదమ్మా?" అని పెద్దాయన ఆవలించాడు. చెప్పడానికి ఆమెకు అబద్ధం కూడా మిగల్లేదు. పొద్దుటినుంచి జరిగింది జరిగినట్టు చెప్పింది. కునుకులు వదిలాయి. ఒకాయన నవ్వి నవ్వి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇద్దరు మొండివాళ్ల మధ్య రెండు గంటలు... గొంతు పెంచలేదా మేడమ్?"

"లేదండి."

"మా బడిలో అలాంటివాళ్లు ముప్ఫైమంది. సోమవారం వచ్చి చేరండి."

ఇంటికొచ్చి సంగతి చెబితే, చేతిలో మరతో భర్త లేచి నిలబడ్డాడు. "చూశావా? నేనే లేకపోతే నీకు ఆ ఉద్యోగం వచ్చేదా?"

ఆమె దౌర్భాగ్యం ఏమిటంటే, పెళ్లయ్యాక ఆయన అన్న మొదటి నిజం అదే.