బీమా వాళ్లు ఇవ్వమన్నారు

ఆ రోజు పొద్దున ముక్కు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గడ్డం గీసుకోవాలి, బావమరిది ఆఫీసుకు వెళ్లి బీమా కంపెనీ మీద కేసు వేయాలి, భోజనం వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. కాఫీ దగ్గరే ఆలస్యమైంది. పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడుతున్నా పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారాయన. బట్టలు ఆరేస్తున్న భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది.

ఆయన్ని ఏమీ అనడానికి లేదు. సబ్బుల ఫ్యాక్టరీలో తయారైన ప్రతి సరుకునూ వాసన చూసి బాగుందో లేదో తేల్చే ఉద్యోగం ఆయనది. అందుకే అందరూ ముక్కు మాస్టారు అనేవారు. కిందటేడు సైకిలు మీద ఇంటికొస్తుంటే, రోడ్డు పక్కన ఆగివున్న వ్యాను తలుపు ఎవరో ఠక్కున తెరిచారు. తలకు తగిలిన దెబ్బ మానింది గానీ వాసన తెలియడం పోయింది. దాంతోపాటే ఉద్యోగమూ పోయింది. అదృష్టం కొద్దీ బీమా ఉంది. ఆ పని చెయ్యలేని స్థితి వస్తే అరవై ఏళ్లు నిండేదాకా నెలనెలా డబ్బు ఇస్తామని ఒప్పందం. కొన్ని నెలలు ఇచ్చారు, తరువాత ఆపేశారు. ఎందుకని అడిగితే "పరిశీలిస్తున్నాం" అన్నారు. అప్పటినుంచి ఇంటద్దె, కూతురి కాలేజీ ఫీజు కూడా ఆ పరిశీలన కోసమే ఎదురుచూస్తున్నాయి.

బావమరిది కొత్త లాయరు. గుమ్మం మీద బోర్డు రంగు ఇంకా చేతికి అంటుతోంది. పాలసీ అంతా చదివి తల పంకించాడు.

"ఆగిపోయిన నెలలకి ఇవాళే కేసు వేసేస్తా బావా. రాబోయే నెలలకి మాత్రం కుదరదు. గడువే రాని బాకీకి దావా ఏంటయ్యా అంటారు జడ్జిగారు."

"మరి అవి కూడా ఎగ్గొడితే?"

"ఎగ్గొట్టినప్పుడల్లా మళ్లీ వెయ్యడమే."

"అరవై ఏళ్లొచ్చేదాకా నెలకో కేసా? దానికంటే ఉద్యోగమే నయం, ఆదివారమైనా సెలవుండేది!"

లాయరు గొంతు తగ్గించాడు. "ఒక దారుంది. 'ఇక ఎప్పటికీ ఇవ్వం' అని వాళ్లంతట వాళ్లే తెగేసి చెప్పాలి. అప్పుడు ఒప్పందాన్నే కాలదన్నినట్టు లెక్క. రావాల్సిందంతా కలిపి ఒకేసారి అడగొచ్చు. అక్కని సాక్షిగా తీసుకెళ్లు. ఇవ్వమని చెప్పించుకుని వచ్చెయ్, మిగతాది నాకొదిలెయ్."

మొగుడూ పెళ్లాం అట్నుంచి అటే బీమా ఆఫీసుకు వెళ్లారు. క్లెయిముల మేనేజరు మెత్తటి మనిషి. ఎవర్నీ నొప్పించలేక, ఏ ఫైలునూ కాదనలేక, అన్నిటినీ పరిశీలనలో ఉంచే రకం. ఇద్దరికీ కుర్చీలు తనే లాగి వేశాడు.

"నిజంగా ఏ వాసనా తెలీదా అండీ?" అని జాలిగా అడిగాడు.

"ఏదీ తెలీదండీ. మా ఆవిడ పక్కన కూర్చున్నా, ఈ బీరువా పక్కన కూర్చున్నా నాకొకటే."

భార్య కొరకొరా చూసింది. మేనేజరు కళ్లు మాత్రం చెమర్చాయి. "తప్పకుండా పరిశీలిస్తామండీ" అన్నాడు.

"పరిశీలించకండి, మీకు దణ్ణం పెడతాను! ఇవ్వమని చెప్పేయండి. ఒక్క మాట. ఇవ్వమని."

మనిషి ఎంత కష్టంలో ఉంటే డబ్బు ఇప్పించమని ఇలా ప్రాధేయపడతాడు అనుకున్నాడు మేనేజరు. ఆయన మనసు కరిగిపోయింది. వెంటనే ఫోనెత్తి అకౌంట్సుకు కలిపాడు.

"ఆ సబ్బుల ఫ్యాక్టరీ ఆయన ఫైలు... అదే. ఇవ్వమని చెబుతున్నాను. ఈ ఒక్క నెలే కాదు, చివరిదాకా. అవును, ఇవ్వమనే. నా మాటగా రాసుకోండి."

ఫోను పెట్టేసి, నవ్వుతూ ఇటు తిరిగాడు. "సంతోషమేనా అండీ?"

"చాలా సంతోషమండీ!" అంటూ ముక్కు మాస్టారు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. భార్యకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆనందబాష్పాలనుకుని మేనేజరు మంచినీళ్లు తెప్పించాడు.

"కడుపు మీద కొడుతూ ఆ నవ్వేంటండీ?" అంది ఆవిడ, మెట్లు దిగుతూ. "పైగా మంచినీళ్లు!"

లాయరు ఆ సాయంత్రమే కాగితాలు సిద్ధం చేసి, అరవై ఏళ్లదాకా రావాల్సిన మొత్తానికి దావా వేశాడు. వారం తిరక్కుండానే ముక్కు మాస్టారి ఇంటికి కంపెనీ నుంచి చెక్కు వచ్చింది. ఆగిపోయిన నెలలన్నిటిదీ కలిపి.

"ముట్టుకోకు బావా!" అని ఫోనులోనే అరిచాడు లాయరు. "కేసు సంగతి పసిగట్టి గాలం వేస్తున్నారు. అది తీసుకుంటే వాళ్లు కాదననట్టే. వెనక్కి పంపించెయ్!"

ఇంటి ఓనరు మొహం, కాలేజీ నోటీసు కళ్ల ముందు మెదులుతుండగా భార్య ఆ చెక్కును కవరులో పెట్టి అంటించింది. మేనేజరుకు ఏమీ పాలుపోలేదు. ఆలస్యానికి అలిగారేమో అనుకుని, వడ్డీ కూడా కలిపి పంపాడు. అదీ తిరిగొచ్చింది. దాంతో క్షమాపణ చెప్పుకోవడానికి మనిషే స్వయంగా బయలుదేరాడు.

కిటికీలోంచి ఆయన్ని చూసి భార్య గబగబా తలుపు గడియ పెట్టింది. "ఇంట్లో లేమని చెప్పండి!" అని గుసగుసలాడింది.

"మేం ఇంట్లో లేమండీ!" అని కేకేశారు ముక్కు మాస్టారు.

"ఫరవాలేదండీ, వచ్చాకే తీసుకోండి" అంటూ మేనేజరు చెక్కును తలుపు కిందినుంచి లోపలికి తోశాడు. మాస్టారు బయటికి తోశారు. ఆయన మళ్లీ లోపలికి తోశాడు. అలా ఆ చెక్కు గుమ్మానికి ఇటూ అటూ తిరిగి తిరిగి, చివరికి మూల చిరిగి, మేనేజరు జేబులోకే చేరింది.

కోర్టులో కంపెనీ లాయరు ఆ చిరిగిన చెక్కునే చూపించాడు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇదేంటయ్యా? ఇవ్వట్లేదని కేసు వేస్తారు, ఇస్తే తీసుకోరు?"

సాక్షి బోనులో ఉన్న భార్య ఆగలేకపోయింది. "వాళ్లే ఇవ్వమన్నారండీ!"

"ఇవ్వమన్నారు కదమ్మా. మరి తీసుకోవడానికేం?"

"ఇవ్వమన్నాక ఎలా తీసుకుంటామండీ?"

"ఇవ్వమంటేనే కదా తీసుకునేది!"

జడ్జిగారు కాసేపు కళ్లు మూసుకుని, మేనేజరును పిలిచారు. "నువ్వు ఫోనులో ఏమన్నావు? ఇవ్వండి అన్నావా, ఇవ్వం అన్నావా?"

"అయ్యో, ఇవ్వండి అనేనండీ! ఈయన ఇవ్వమని చెప్పమన్నారు. నేను ఇవ్వమని చెప్పాను. ఆ రోజు ఈవిడ సంతోషంతో ఏడ్చారు కూడానండీ."

ముక్కు మాస్టారు నోరు తెరిచి భార్యను చూశారు. భార్య తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు కాగితాల్లో తల దూర్చాడు.

తీర్పు ఎంతోసేపు పట్టలేదు. కంపెనీ ఎన్నడూ కాదనలేదు కాబట్టి, గడువు రాని నెలల డబ్బు ఇప్పుడే అడిగే హక్కు లేదన్నారు. కేసు కొట్టేశారు. ఆగిన డబ్బు వడ్డీతో సహా అక్కడికక్కడే ఇచ్చెయ్యాలని, ఇకముందు నెలనెలా కంపెనీ ఒప్పుకున్న ప్రకారమే నడుచుకోవాలని చెప్పారు. టైపిస్టు వేళ్లు కదిలించబోతుంటే ఆపి, "'ఇవ్వమని' అని మాత్రం కొట్టకు. 'చెల్లించాలి' అని కొట్టు" అన్నారు.

వరండాలో బావమరిది నల్లకోటు విప్పి చేతిమీద వేసుకుని, మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. "మొదటి కేసే ఓడిపోయాను బావా."

"ఓడిపోయావు కాబట్టే బతికిపోయాం రా!" అని అక్క వాడి జుట్టు చెరిపేసింది. ముక్కు మాస్టారు అద్దె, ఫీజు పోగా ఏం మిగులుతుందో వేళ్ల మీద లెక్కేసుకుంటూ, కనబడ్డవాళ్లందరితోనూ "కేసు ఓడిపోయామండీ!" అని పళ్లికిలించి చెబుతూ మెట్లు దిగారు.

ఆ వారంలో బావమరిది ఆఫీసుకు ఇద్దరు కొత్త కక్షిదారులు వచ్చి, తమ కేసులు కూడా అలాగే ఓడించిపెట్టమని అడిగారు.