భోంచేసి వెళ్లిన బ్రాడ్‌బ్యాండ్

ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ రావడం గొప్ప కాదు. వస్తూ ఉండడం గొప్ప!

వచ్చేశాక ఏముంటుంది? అందరూ తలలు దించుకుని తలో మూల కూర్చుంటారు. వస్తూ ఉన్నంతకాలం తలలన్నీ పైకెత్తి స్తంభం వైపే చూస్తుంటాయి. మెడలు వంచని జాతి అని మా సెర్బులకి పేరు. ఈ ఏడాది ఆ పేరు నిలబెట్టింది మా కేబుల్ కంపెనీయే!

నవ్వకండి. నిరూపిస్తాను.

ఆగస్టులో కంపెనీవాళ్లు మా ష్లివార్ లోయలో స్తంభాలు పాతి, తీగలు కట్టి, గడపగడపకీ ఒక రంగుల కాగితం పంచారు. ‘మెరుపు వేగం’ అని ఉంది దాని మీద. సెప్టెంబరు వానల్లో మెరుపు నిజంగానే వచ్చింది, నేరుగా ఒక స్తంభం నెత్తి మీదకి. మాట తప్పారని ఎలా అనగలం?

తీగ మా ఇంటి ముందు స్తంభం దాకా వచ్చి ఆగింది. అక్కణ్నుంచి కిటికీలోకి రావాలి. మధ్యలో అడ్డం ఒక్క ప్లమ్ చెట్టు.

ఆ కాస్త ఖాళీలోనే మా ఆవిడ ఉద్యోగం వేలాడుతోంది. రుజిత్సా పనిచేసిన బట్టల మిల్లు కిందటేడు మూతపడింది. నోవీసాద్‌లో ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ ఆమెను ఇంట్లోనే కూర్చుని అల్మరాల నమూనాలు గీసి పంపమంది. షరతు ఒకటే. డిసెంబరులో సెయింట్ నికోలా పండుగ నాటి నుంచి ఆమె రోజూ పొద్దున తొమ్మిదికల్లా తెర మీద కనిపించాలి. కనిపించకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఫోన్ సిగ్నల్ ఉందిగా అంటారా? ఉంది, కోళ్లగూడు పైకెక్కితే. అక్కడ కూర్చుని అల్మరాలు గీస్తానంటే కోళ్లు ఒప్పుకోవాలి కదా!

“మనింట్లో వైఫ్ ఉంది, వైఫై ఒక్కటే తక్కువ” అన్నాను.

“ఈ జోకు పాతదయ్యా.”

“కొత్త లైను ఇంకా రాలేదు కదే! పాత లైనే వాడుతున్నా.”

రుజిత్సా ముఖం అల్మరా తలుపులా మూసుకుంది.

చివరికి కంపెనీ తేదీ ఇచ్చింది. నవంబరు ఎనిమిది, పొద్దున ఎనిమిదికీ సాయంత్రం నాలుక్కీ మధ్య ఎప్పుడైనా. నేను ఎగిరి గంతేశాను. కాళ్లు నేలకి ఆనకముందే గుర్తొచ్చింది. ఆ రోజు సెయింట్ దిమిత్రి పండుగ. మా ఇలవేలుపు!

మా వైపు ఇంటింటికీ ఒక పునీతుడుంటాడు. ఆయన పండుగ నాడు ఎవర్నీ పిలవం. తలుపు తీసి పెడతాం, అంతే. గడప దాటిన ప్రతివాడూ అతిథి. ముందు ఉడకేసిన తీపి గోధుమలు, తర్వాత ప్లమ్ సారా, ఆ తర్వాత బల్ల మీద ఖాళీ కనిపించనంత తిండి. అతిథులు లేచేదాకా ఇంటాయన కూర్చోకూడదు. ఇక అతిథి చేత పని చేయించుకోవడమా? అలాంటిది మా వంశంలో ఎవడూ చేసి బతకలేదు!

తేదీ మార్చమని అడిగాం. మారిస్తే మళ్లీ వసంతంలోనే అన్నారు.

తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అంటారు. మా కంపెనీ తిథి చెప్పి మరీ అతిథిని పంపింది!

ఆ అతిథి పేరు చెదోమిర్, అందరి నోటా చెదా. టెక్నీషియన్. సరిగ్గా సూపు వడ్డించే వేళకి భుజాన నిచ్చెనతో, చేతిలో డ్రిల్లుతో గడప దాటాడు.

“కిటికీ ఏదో చూపించన్నా, చిటికెలో అయిపోతుంది.”

“ముందు ఆ నిచ్చెన దించు నాయనా” అంది పక్కింటి క్రూనియా బామ్మ. ఆవిడ పొద్దున్నే వచ్చి బల్ల దగ్గర మంచి చోటు పట్టేసింది. “పండుగింట్లో ఇనుప సామాను పట్టుకుని నిలబడ్డావేంటి? యుద్ధానికొచ్చావా?”

“డ్యూటీలో ఉన్నా బామ్మా.”

“మేం మాత్రం ఆడుకుంటున్నామా? కూర్చో. తిను.”

రుజిత్సా నా చొక్కా పట్టి వంటింట్లోకి లాగింది. “తినకముందే తీగ లాగమనవయ్యా. తింటే ఇక లేవడు.”

“ఎలా చెప్పనే? అతిథి!”

“అతిథేంటి? కేబులతను!”

“గడప బయట కేబులతను. లోపల అతిథి.”

రౌటర్ పెట్టెలోంచి బయటికి రాకముందే రౌండ్లు మొదలయ్యాయి. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, కాల్చిన పందిపిల్ల, వాల్‌నట్ కేకు. సెకనుకి వంద మెగాబిట్లని కంపెనీ ప్రకటన. మా పందిపిల్లలో ఒక్కో ముక్కా ఒక మెగా బిట్టే! చెదా డౌన్‌లోడు ఎక్కడా ఆగలేదు, తెగలేదు. నాలుగయ్యేసరికి మా ఆచారం ప్రకారం అందరి చెంపల మీదా మూడేసి ముద్దులు పెట్టి, తాగి బండి నడపకూడదని వ్యాను మా వాకిట్లోనే వదిలేసి బుద్ధిగా బస్సెక్కాడు.

మర్నాడు కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను కోళ్లగూడెక్కి మాట్లాడాను.

“మా టెక్నీషియన్ వచ్చారా సార్?”

“వచ్చాడమ్మా.”

“మర్యాదగా ప్రవర్తించారా?”

“చాలా. గోధుమలు రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు. కానీ తీగ...”

“థాంక్యూ సార్. మీ పని పూర్తయినట్టు రాసుకున్నాం.”

తీగ స్తంభం మీదే ఉందని నేను చెప్పాను. పూర్తయిన పనిని మళ్లీ చేయడానికి వాళ్ల దగ్గర వీలు లేదని ఆమె చెప్పింది. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం. ఇంతకంటే ఆరోగ్యకరమైన సంభాషణ ఏ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది?

రెండు వారాలకి క్రూనియా బామ్మ ఇలవేలుపు పండుగ. కంపెనీ ఆవిడకీ సరిగ్గా ఆ పండుగ తేదీనే ఇచ్చింది. చెదా వచ్చాడు. తిన్నాడు. ఆవిడ పని కూడా పూర్తయింది!

ఆ రోజు వాకిట్లో అతన్ని పట్టుకున్నాను. “మా కిటికీ ఇక్కడే కదా చెదా, ఒక్కసారి...”

“చెయ్యాలనే ఉందన్నా. డ్యూటీలో ఉండగా ఆర్డరు లేని ఇంట్లో స్క్రూ తిప్పినా ఉద్యోగం ఊడుతుంది. నాకూ పెళ్లాం ఉంది.”

పాఠకులారా, గమనించండి. ఈ ఆలస్యం వల్ల మాకు ఎన్ని లాభాలో! చెదా బరువు పెరిగాడు. మా ఆవిడ, నేను రోజూ ముఖాముఖి మాట్లాడుకుంటున్నాం. ఎక్కువగా ఆమే మాట్లాడుతోంది.

నికోలా పండుగ ముందురోజు ఆమె కిటికీలోంచి స్తంభం వంక చూసి, ఉన్నట్టుండి అడిగింది.

“చెదా ఇలవేలుపు ఎవరు?”

“నికోలాయే. తింటూ చెప్పాడుగా.”

“ఇల్లు కింద టౌన్‌లో. అక్కడ లైనుంది కదూ?”

“ఉంది.”

“పండక్కి ఎవరూ పిలవక్కర్లేదు కదూ?”

మర్నాడు మొదటి బస్సుకి దిగాం. రుజిత్సా చంకలో ల్యాప్‌టాప్, నా చేతిలో సారా సీసా. తలుపు తీసే ఉంది. ఆమె గడప దాటింది, శిలువ గుర్తు వేసుకుంది, చెంచాడు గోధుమలు తింది. వెలుగుతున్న కొవ్వొత్తి పక్కన ల్యాప్‌టాప్ తెరిచింది.

“పాస్‌వర్డ్ చెప్పు తమ్ముడూ.”

అతిథి అడిగితే కాదనే ఇంటాయన మా దేశంలో ఇంకా పుట్టలేదు. చెదా చెప్పాడు. తొమ్మిదింటికల్లా నోవీసాద్ తెర మీద మా ఆవిడ ముఖం వెలిగింది. క్రిస్మస్ ముందరి ఉపవాస కాలం కాబట్టి మాంసం లేదు, చేప తినొచ్చు. ఎడమచేతి వైపు చేప, కుడిచేతి వైపు బీన్సు, మధ్యలో అల్మరా.

ఇంటాయన కూర్చోకూడదని చెప్పాను కదా! చెదా నిలబడ్డాడు. పది గంటలకి గోడకి ఆనుకున్నాడు. మధ్యాహ్నానికి ఒంటికాలి మీదకి వచ్చాడు.

“వదినా, ఇంకో చేప ముక్క?”

“పెట్టు నాయనా. ఐదింటిదాకా నా డ్యూటీ.”

“మిగతా చుట్టాలు వెళ్లిపోయారు వదినా.”

“పాపం, వాళ్లకి పనులుంటాయి. నాకు ఇక్కడే పని.”

ఐదింటికి ల్యాప్‌టాప్ మూసి, చెదా భార్యని ముద్దుపెట్టుకుని, చేప ఎంత బావుందో చెప్పింది.

“పండుగ మర్నాడు కూడా తలుపు తీసే ఉంచుతారుగా తమ్ముడూ?”

చెదా తన పాదాల వంక చూసుకున్నాడు.

తెల్లవారి మేం బస్సుకి బయల్దేరబోతుంటే గుమ్మం ముందు నిచ్చెన! దాని కింద చెదా.

“ఇవాళ మీ ఇంట్లో పండగేం లేదు కదన్నా? నాకేం పెట్టొద్దు. దండం పెడతా, మంచినీళ్లు కూడా వద్దు!”

చెట్టు మీంచి తీగ లాగాడు, కిటికీ పక్కన కన్నం వేశాడు, రౌటర్‌కి తగిలించాడు. నేను పొయ్యి మీద పెట్టిన కాఫీ పొంగకముందే దాని దీపాలు వెలిగాయి. తొమ్మిదింటికి రుజిత్సా మా కిటికీ దగ్గరే కూర్చుని అల్మరా గీస్తోంది.

కృతజ్ఞత చెప్పుకోవద్దూ? కంపెనీకి ఫోన్ చేశాను. ఈసారి కోళ్లగూడెక్కలేదు!

“చెదోమిర్ ఇవాళ చాలా చక్కగా పనిచేశాడమ్మా.”

“ఇవాళా? ఆయన పండుగ సెలవులో ఉన్నారే సార్! మీ ఇంటి పని నవంబరు ఎనిమిదిన చేశారు.”

“ఆ రోజు భోంచేశాడు.”

“మా దగ్గర పనిచేసినట్టు ఉంది సార్.”

కాబట్టి దేశంలోని కంపెనీలన్నిటికీ చేతులు జోడించి నా విన్నపం. మీ మనుషులు బంగారం. వాళ్లని డ్యూటీకి మాత్రం పంపకండి. అందరికీ సెలవిచ్చేయండి, మా పనులు అయిపోతాయి!