నడుము పట్టిన సైన్యం

ఆ ఉదయం యానిమేటర్ అనుకున్నది చాలా చిన్న పని. పదింటికల్లా సినిమాలో సేనాపతి నడక పట్టేసి, పదకొండింటికి మేనేజరు దగ్గర పది రోజుల సెలవు పుచ్చుకుని, ఇంటికెళ్లి వెల్లకిలా పడుకోవడం. అతని నడుము కలుక్కుమని వారమైంది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. భార్య అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పింది.

నడక పట్టడమనేది ఆ స్టూడియోలో రోజూ వాడే మాట. ఒంటినిండా మెరిసే గుండ్లు అంటించిన బిగుతు దుస్తులేసుకుని ఒకడు నడుస్తాడు. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ కదలికలను పట్టుకుంటాయి. కంప్యూటరు వాటిని నేర్చుకుని, ఎన్ని బొమ్మలనైనా అలాగే నడిపిస్తుంది. ఆ రోజు నడవాల్సిన నటుడు జలుబని రాలేదు. మధ్యాహ్నం దర్శకుడు చూడ్డానికి వస్తున్నాడు. ఇక చేసేదేముందని యానిమేటరే ఆ దుస్తులు తొడుక్కున్నాడు.

ఆరడుగులేసి వెనక్కి తిరిగేసరికి ప్రాణం పోయినట్టయింది. చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది. ప్రతి మలుపులోనూ అంతే. చివరికి గోడకానుకుని, పళ్ల బిగువున మేనేజరుకు ఫోన్ చేశాడు.

"పట్టేసింది సార్."

"అప్పుడే పట్టేసిందా? శభాష్. సైన్యానిక్కూడా అదే నడక వేసెయ్యమంటాను."

మేనేజరు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎంగేజ్. వంగలేని మనిషి ఆ దుస్తుల్లోంచి బయటపడేసరికి గంట పట్టింది. ఈలోగా మేనేజరు మాట విని, పక్క గదిలోని అమ్మాయి ఆ నడకంతా కంప్యూటరుకు నేర్పేసింది. వెనక్కి తిరిగేటప్పుడు మనిషన్నవాడు నడుం పట్టుకోవాలని అది శ్రద్ధగా నేర్చుకుంది.

దర్శకుడి ముందు తెర మీద రెండొందల మంది సైనికులు గబగబా వచ్చి, వెనక్కి తిరిగి, ఒక్కసారిగా నడుం పట్టుకున్నారు. మేనేజరు యానిమేటర్ వైపు మింగేసేలా చూశాడు. సెలవు గోవిందా అనుకున్నాడు యానిమేటర్. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

దర్శకుడు మళ్లీ వెయ్యమన్నాడు. మూడోసారి కూడా చూశాడు.

"ఏ సినిమాలో చూసినా యుద్ధం చేసొచ్చినవాళ్లు షికారుకెళ్లొచ్చినట్టుంటారు. వీళ్లు పాపం నిజంగా అలిసిపోయారండీ," అంటూ కుర్చీలోంచి లేచాడు. మూణ్నెల్లుగా ఎడిటింగ్ గదిలో కూర్చుంటున్న మనిషి, లేస్తూ తనూ నడుం పట్టుకున్నాడు. పరుగులూ, దూకడాలూ, గోడలెక్కడాలూ అన్నీ ఇలా నడిచినవాడి చేతే చేయించమని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం భార్య ఫోన్ చేసి సెలవిచ్చారా అని అడిగింది. ఇచ్చారన్నాడు. సినిమా పూర్తయిన మర్నాటి నుంచి పది రోజులు. ఒక్కటే షరతు, ఈలోగా నడుము నయం కాకూడదు.