కోసిగిలో వలస సున్నా

ఆదోని వర్తకులకు, దాతలకు, వారి వెనక నిలబడి చప్పట్లు కొట్టే మాలాంటి వారికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, కోసిగి ప్రాంతంలో వలస అనే జబ్బు పూర్తిగా నయమైంది. 1988 జనవరి నాటికి వలసపోయిన కుటుంబాలు సున్నా. ఈ మాట నేను చెప్పింది కాదు, కంప్యూటర్ చెప్పింది. కంప్యూటర్‌కు ఎవరిమీదా కోపం ఉండదు, పక్షపాతం ఉండదు, కోసిగి ఎండలో నడవాల్సిన ఖర్మ అంతకన్నా ఉండదు.

దాన్ని మా ఆదోనికి తెచ్చిన మహానుభావులు భీమసేనరావు గారు. బొంబాయిలో చదివి, 1986లో తిరిగొచ్చి, పత్తి మార్కెట్ దగ్గర కంప్యూటర్ కంపెనీ తెరిచినారు. గదికి ఏసీ పెట్టించినారు. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలని బోర్డు రాయించినారు. చెప్పులు విడిచి లోపలికి పోయే చోటు ఏదైనా సరే, దండం పెట్టుకోకుండా బయటికి రావడం మా ఊరివాళ్లకు చేతకాదు. జిన్నింగు మిల్లుల యజమానులు వరసకట్టి వచ్చి దండం పెట్టినారు. ఒకాయన కంప్యూటర్ తెర మధ్యలో కుంకుమ బొట్టు కూడా పెట్టినాడు. ఆ బొట్టు చాన్నాళ్లు అట్లే ఉండింది, తుడిచే ధైర్యం ఎవరికుంది?

ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య నిలబడి, "రేపటి మగ్గం తానే ఆలోచిస్తుంది!" అని భీమసేనరావు గారు ప్రకటించినారు. కూలి పెంచుతారేమో అనుకొని నేతగాళ్లు గట్టిగా చప్పట్లు కొట్టినారు. ఆదోని మార్కెట్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని పత్తి బేరం చేయడం అనాగరికమనీ, ఇకపై ధర బాహాటంగా తెరమీద కనబడాలనీ ఇంకో ఉపన్యాసం ఇచ్చినారు. వర్తకులు లేచి నిలబడి మెచ్చుకున్నారు. తర్వాత ఆయనను మా సేవాసమితికి అధ్యక్షుణ్ణి చేయాలా వద్దా అన్నది అదే తువ్వాలు కింద తేల్చుకున్నారు.

అట్లా ఆయన అధ్యక్షులైన ఆ సమితికి కార్యదర్శిని నేనే. పేరు వెంకోబారావు. ముప్పై ఏండ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, పైవాళ్లు రాయమన్నది రాయడం నాకు బాగా అలవాటు.

1987లో వానలు మొహం చాటేసినాయి. కోసిగిలో వలసపోయే కుటుంబాలు వంద తేల్చి చూపిస్తే, ఊరి కుంట పూడిక తీసే పని ఇస్తామని సర్కారు నుంచి సమితికి కబురొచ్చింది. వంద కుటుంబాలా? బస్టాండులో పది నిమిషాలు నిలబడితే చాలు, మూటలతో కనబడతారు. కానీ అది శాస్త్రీయం కాదట. భీమసేనరావు గారు ఏసీ గదిలో కూర్చొని స్వయంగా ఒక ఫారం తయారుచేసినారు. అందులో ముఖ్యమైన ప్రశ్న ఇది: "మీరు ప్రస్తుతం వలసలో ఉన్నారా? కుటుంబ పెద్ద తన ఇంటివద్ద స్వయంగా హాజరై వేలిముద్ర వేయవలెను."

దసరా అయినాక నాలుగు వందల ఫారాలతో కోసిగి పోయినాను. మొదట ఎదురొచ్చింది అంజనమ్మ. మొగుడు పోయినాక కూలికి పోయి కూతుర్ని చదివించుకుంటున్న మనిషి.

"సామీ, మమ్మల్ని వలసలో రాసుకోండి," అనింది. "యేటా గుంటూరుకు మిరపకాయ కోతకు పోతాం. నా బిడ్డ భీమమ్మ ఏడో తరగతి. మార్చిలో పెద్ద పరీక్ష ఉందంట. కుంట పని ఇస్తే ఈడే ఉండి రాసుకుంటాది."

"అమ్మా, ఇప్పుడు నువ్వు యాడుండావు?"

"యాడుండేదేంది? నీ ముందరే ఉండాను కదప్పా!"

"మరి వలసలో ఉన్నట్టు ఎట్లా రాసేది? పోయినాక చెప్పు, రాసుకుంటాం."

"పోయినాక ఎట్ల సెప్పేది సామీ? గుంటూరు నుంచి అరవాల్నా?"

ఈ జవాబుకు ఫారంలో గడి లేదు. సున్నా వేసి వేలిముద్ర తీసుకున్నాను. సిగ్గనిపించింది, అయినా తీసుకున్నాను. ఆదోనికి వచ్చి సంగతి చెబితే భీమసేనరావు గారు జాలిగా చూసినారు. "వెంకోబారావు గారూ, జాలి వేరు, డేటా వేరు. జాలితో దేశం ముందుకు పోదు," అన్నారు. ఆ వాక్యం బాగుందని మినిట్సులో రాసుకున్నాను.

జనవరిలో రెండో విడత పోయినాను. నాలుగు వందల ఇండ్లలో మూడు వందల పన్నెండింటికి తాళాలు. కుంట పని వస్తుందని అంజనమ్మ డిసెంబరు చివరిదాకా కూర్చుందట. ఇంక పూట గడవక, బిడ్డను తీసుకొని బస్సెక్కిందట. తాళానికి వేలిముద్ర ఉండదు కదా! ఖాళీ గడిని కంప్యూటర్ తీసుకోదు, దాన్ని సున్నా కింద లెక్కవేసింది. సున్నాలన్నీ కూడితే సున్నానే వచ్చింది, అందులో యంత్రం తప్పేమీ లేదు.

నివేదిక రంగు అట్టతో వెలువడింది. తాళాల సంగతి దాచిపెట్టినామని ఎవరూ అనుకోవద్దు, తొమ్మిదో పేజీలో ఉంది. "మూడు వందల పన్నెండు ఇండ్లకు తాళాలు గమనించబడినవి. తాళం వేసుకునేంత ఆస్తి గ్రామీణులకు ఏర్పడుట హర్షణీయం." వలసే లేని ఊరికి పనెందుకని కుంట పని రద్దయింది. భీమసేనరావు గారికి వర్తక సంఘం శాలువా కప్పింది. "ఇన్నేండ్లుగా ఎవరూ ఆపలేని వలసను మనం మూడు నెలల్లో ఆపినాం!" అని ఆయన శాలువా సర్దుకుంటూ ప్రకటించినారు. సన్మానపత్రం చదివింది నేనే, ఉచ్చారణ బాగుందన్నారు.

మార్చిలో ఈ విజయానికి గుర్తుగా సావనీరు, అంటే ప్రత్యేక సంచిక, వేయాలని తీర్మానించినారు. వలస మానుకున్న కుటుంబం ఫోటో కావాలన్నారు. ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొని మళ్లీ కోసిగి పోయినాను. నాకు తెలిసిన ఇల్లు అంజనమ్మదే. తాళం అట్లే వేలాడుతోంది. అరుగుమీద బడిపంతులు దేవేంద్రప్ప కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి, జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టినాడు. భీమమ్మ హాల్ టికెట్.

"సార్, మీ కంప్యూటర్ లెక్కలో ఈ పిల్ల ఊర్లోనే ఉంది కదా," అన్నాడు. "ఎల్లుండి పరీక్ష. మూడు రోజులుగా ఈడికొచ్చి చూస్తాండాను, నాకు కనబడలేదు. మీరే పిలిచి ఇయ్యండి."

నవ్వుతూ అన్నాడేమో అని మొహం చూసినాను. నవ్వడం లేదు. ఏం చేసేది? కార్యదర్శిని, రికార్డు ప్రకారం నడుచుకోవాలి. హాల్ టికెట్ పట్టుకొని, తలుపు దగ్గరికి పోయి, "భీమమ్మా!" అని పిలిచినాను.

సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫర్ బటన్ నొక్కినాడు. సావనీరు మొదటి పేజీలో వేసింది ఆ ఫోటోనే. "లబ్ధిదారులను ఇంటివద్దే పలకరిస్తున్న కార్యదర్శి" అని కింద అచ్చేసినారు. వెయ్యి కాపీలు ఆదోని, ఎమ్మిగనూరు పెద్దలందరికీ పంచినాం. మీకూ ఒకటి అందే ఉంటుంది. తాళం చాలా స్పష్టంగా పడింది. ఫోటో బాగుందని మీరంతా అన్నారు.