సక్కుబాయి శిష్యుడు

పంతొమ్మిది వందల అరవై మూడు, ఎండాకాలం. ఆ బుధవారం పొద్దున సక్కుబాయి అనుకున్నదల్లా ఒక్కటే. చింతెగాం పోయి, పటేల్ గారి కొత్త కోడలి చేతి మీద తేలు బొమ్మ పొడిచి, ఎండ ముదరకముందే భైంసా తిరిగి రావాలి. పచ్చబొట్లు పొడవడంలో ఆమెది ముప్పయ్యేళ్ల చెయ్యి. చుట్టూ నలభై ఊళ్లలో తన సూది తగలని ఆడదాని చెయ్యి ఉంటే చూపించమని సవాలు చేసేది. చూపించినవాళ్లు లేరు మరి.

ఊళ్లో అడుగుపెడితే వీధిలో పిట్ట కూడా లేదు. తలుపులన్నీ బిగించి ఉన్నాయి. బడి అరుగు మీద టీకాల లింగమూర్తి ఒక్కడే రేకు పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, ఊరంత ఏడవోయింది?"

"లోపల్నే ఉన్నరవ్వా. నన్ను జూసి తలుపులేసుకున్నరు. పక్కూర్లె మూడిండ్లల్ల అమ్మతల్లి పోసింది. రెండు దినాలల్ల ఈడ అందరికి టీకాలు వెయ్యకుంటె గిక్కడికి గూడ వస్తది. నిన్నటిసంది ఒక్క చెయ్యి దొరికింది. అది గూడ కావలికారుది."

సక్కుబాయి ముఖం నిండా చిన్నప్పటి మశూచి గుంటలే. ఆమెకు తగ్గింది గాని, అదే వారంలో చెల్లెల్ని మట్టిలో పెట్టారు. ఆ పిల్లను తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

"పెట్టె సర్దకు. ఈడనే కూసో," అని పటేల్ ఇంటికి నడిచింది.

పటేల్ తల్లి భూమవ్వ తలుపు సందులోంచి చూసి, వచ్చింది సక్కుబాయేనని లోపలికి పిలిచింది. "బడికాడ గా సూదోడు ఎవడే? వాన్ని జూస్తె భయమైతుంది."

"వానికి భయపడుడేంది భూమవ్వా? వాడు నా శిష్యుడు," అంది సక్కుబాయి. అనుకుని అన్న మాట కాదు. నోటికొచ్చేసింది, వచ్చాక బాగానే ఉందనిపించింది. "నా దగ్గర నేర్సుకున్నోడే. సర్కారు నౌకరి దొరికింది. పైసల్ గూడ తీస్కోడు."

ఈ చివరి మాట గోడలు దూకి ఊరంతా తిరిగింది. గంటలో బడి ముందు ఆడవాళ్లు బారులు తీరారు. భూమవ్వ చెయ్యి చాచి, "నాకు తేలు వెయ్యి బిడ్డా," అంది. ఆమె వెనకావిడ తులసికోట కావాలంది. లింగమూర్తి బిక్కమొహం వేసి సక్కుబాయి వంక చూశాడు.

"సర్కారుది ఒక్కటే బొమ్మ, గుండ్రటి సందమామ. కలెక్టరు పెండ్లానికైనా గదే," అంది ఆమె తొణక్కుండా.

తర్వాత చిక్కు రిజిస్టరుతో వచ్చింది. లింగమూర్తి భర్త పేరు అడిగాడు. మొగుడి పేరు నోటితో పలికే ఆడది ఆ ఊళ్లో లేదు. వరసలో ఉన్న కిష్టవ్వ తన ఇంటికి పరుగెత్తి, నిద్రపోతున్న మొగుణ్ణే పట్టుకొచ్చి నిలబెట్టింది. "గీయిన పేరు గీయిన్నే అడుగు." పేరు చెప్పడానికి వచ్చినవాడి చొక్కా చెయ్యి సక్కుబాయి పైకి మడిచింది, లింగమూర్తి టీకా వేసేశాడు. పొద్దుగూకేసరికి మొగుళ్లంతా పేర్లు చెప్పుకుని, చేతులు తడుముకుంటూ ఇళ్లకు పోయారు. మర్నాటికి పిల్లలతో సహా ఊరు పూర్తయింది.

వారం తిరగకుండానే సందమామలు వాచాయి, చీము పట్టాయి. జ్వరాలు కూడా వచ్చాయి.

"సందమామ అని చెప్పి పుండు జేసిండు గదనే నీ శిష్యుడు," అని భూమవ్వ భైంసా సంతలో పదిమంది ముందు నిలదీసింది. సక్కుబాయి చెయ్యి పాడైందని నలభై ఊళ్లకూ తెలిసిపోయింది. పెళ్లిళ్ల రోజులు. ఒక్క పిలుపు రాలేదు.

లింగమూర్తి ఆమె ఇంటికి వచ్చి తల దించుకున్నాడు. "అవ్వా, వాడు నా శిష్యుడు గాదని చెప్పెయ్. నీ పేరన్న నీకు మిగుల్తది."

"చెప్తె నిన్ను మల్ల ఏ ఊర్లెకు రానియ్యరు. నా చెల్లె పోయినట్టు ఇంకో పిల్ల పోవద్దు. నువ్వు నా శిష్యుడివే. ఫికర్ జెయ్యకు."

ఆ రోజే చింతెగాం వెళ్లి ఇల్లిల్లూ తిరిగింది. "పుండు గాదు, అచ్చు పడుతుంది. నా సూదికి గూడ వాపు రాలేదా? గీకకుండ్రి, ఆకులు కట్టకుండ్రి." తిట్టినవాళ్ల ఇంట్లో కూడా కూర్చుని చెప్పింది.

ఇంకో పక్షం రోజులకు పొక్కులు రాలిపోయాయి. మశూచి మరో రెండూళ్లు తిరిగింది గాని చింతెగాంలో ఒక్క గడప తొక్కలేదు. ఇక ఆ ఊరి ఆడవాళ్ల గర్వం చూడాలి. సంతలో రవిక చెయ్యి జరిపి మరీ సర్కారు సందమామ చూపించుకున్నారు. చూసిన ఊళ్లు తమకూ వెయ్యమని కబురంపాయి.

జిల్లా నుంచి పెద్ద డాక్టరు జీపులో దిగి చేతులన్నీ చూశాడు. "పోలీసుల్ని పెట్టినా మాకు ఇంత పని కాలేదు. ఎలా చేశావయ్యా?"

లింగమూర్తి నోరు తెరవకముందే భూమవ్వ అందుకుంది. "ఎవలనుకున్నరు సారు? సక్కుబాయి శిష్యుడు."

డాక్టరు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ట్రైనింగు హైదరాబాదులో అయిందని కాగితాల్లో ఉందే?"

గుంపులో నిలబడ్డ సక్కుబాయి కొంగు మొహం మీదికి లాక్కుంది. అబద్ధం బయటపడితే ఊరందరి ముందు ఆమె మాటకు ఇక విలువ ఉండదు.

"కాగితాలల్ల అట్లనే ఉంటది సార్," అన్నాడు లింగమూర్తి చేతులు కట్టుకుని. "నేర్సుకున్నది మాత్రం ఈమె దగ్గర్నే."

సక్కుబాయి మొహం మీద కొంగు తీసేసి, తలెత్తి నిలబడింది. అంత గర్వంగా ఆమె ఎన్నడూ నిలబడలేదు.

తాలూకాలోని టీకాలవాళ్లందరినీ వారం రోజులు సక్కుబాయి దగ్గరికి శిక్షణకు పంపాలని డాక్టరు పైకి రాశాడు. ఆమె విద్యార్హతల ధ్రువపత్రాలు జతచేయలేదని మూడు నెలలకు జవాబు వచ్చింది.